లిఫ్టు కార్డుకు నెల రోజుల గడువు

క్వార్టర్ల సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడవ అంతస్తు చివరి వాటాలో గ్రిల్లు చప్పుడు కారణంగా ఇల్లు ఖాళీ చేయమని ఇచ్చిన నోటీసును నెల రోజులు నిలుపుదల చేయవలసిందిగా కోరుట.

నేను ఆ వాటా కోడలిని. చప్పుడు చేసేది మా ఆడపడుచు చిట్టి. పదహారేళ్ళు, మాటలు రాలేదు. లిఫ్టు ఎక్కాలనిపిస్తే స్టీలు గ్లాసుతో గ్రిల్లు మీద కొడుతూనే ఉంటుంది. ఆపబోతే తన చెయ్యి తనే కొరుక్కుంటుంది.

1. చిట్టి బడిలో మేడమ్ ఒక పద్ధతి చెప్పారు. గ్లాసుతో కొడితే ఎవరూ లిఫ్టు ఎక్కించకూడదు. తనే లిఫ్టు బొమ్మ ఉన్న కార్డు మన చేతికిస్తే వెంటనే ఒకసారి ఎక్కించాలి. "మొదటి వారం ఇంకా ఎక్కువ కొడుతుందమ్మా, అప్పుడే నువ్వు మెత్తబడకూడదు" అన్నారు. అన్నట్టే రోజుకు నలభై సార్లు కొట్టేది అరవై దాటింది. తమకు ఫిర్యాదు అందింది సరిగ్గా ఆ వారమే. నిన్న పంతొమ్మిది సార్లే కొట్టింది. అది ఎవరూ రాసి పంపలేదు.

2. అత్తయ్యగారు "నా కూతురికి పేకాట నేర్పుతున్నావా?" అంటారు. నేను వంటింట్లోకి వెళ్ళగానే ఆవిడే తీసుకెళ్ళి ఎక్కిస్తారు. లిఫ్టు నడిపే తాతకు చెప్పబోతే "నా చెవులు పోయాక నీ పద్ధతి పాటిస్తాలే తల్లీ" అని తలుపు తీశాడు. ఒకరు జాలిపడితే నా మూడు రోజుల కష్టం వృథా పోతుంది.

చిట్టి కార్డు ఇస్తే ఇక్కడ ఆపి లేచాను. ఈ పూటకు ఇది ఏడోసారి. మళ్ళీ రాస్తున్నాను.

3. చెప్పడానికి జంకుగా ఉంది. తనిఖీకి వచ్చిన రోజు తమరు కూడా "ఊరుకో తల్లీ, ఊరుకో" అంటూ చిట్టిని స్వయంగా లిఫ్టులో కిందికి తీసుకెళ్ళారు. తమది మంచి మనసే. ఆ సాయంత్రం తను గంటన్నర కొట్టింది.

4. ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే చిట్టిని దూరంగా హాస్టల్లో వేద్దామని మా ఆయన ఫారం తెచ్చారు. సగం నింపారు కూడా. చెల్లెలి పేరు రాసే చోటు మాత్రం ఖాళీగా వదిలారు. మిగతాది నన్ను నింపమన్నారు. నేను నింపలేదు. అక్కడ చిట్టి ఎవరి చేతిలో కార్డు పెడుతుంది? ఎవరు తీసుకుంటారు?

కనుక నోటీసును నెల రోజులు ఆపి, లిఫ్టు పక్కన తమ సంతకంతో ఈ కాగితం అంటించవలెను: "గ్లాసు చప్పుడుకు ఎక్కించరాదు. కార్డు ఇచ్చిన వెంటనే ఎక్కించవలెను."

నా మనవి చిత్తగించి, ఆ సంతకం దయచేయవలెను.

తమ విధేయురాలు,
మూడవ అంతస్తు చివరి వాటా కోడలు

తా.క.: ఈ అర్జీ రేపు నేనే తెచ్చి ఇస్తాను. నలుగురిలో నాకు నోరు పెగలదు, అందుకే ఇంత రాశాను. ఇంట్లో వదిలితే అత్తయ్యగారు ఎక్కించేస్తారు కాబట్టి చిట్టిని వెంట తెస్తాను. మీ ఆఫీసులోనూ లిఫ్టు ఉంది. చిట్టి మీ బల్ల మీద గ్లాసుతో కొడితే పట్టించుకోకండి. కార్డు మీ చేతిలో పెడితే మాత్రం, ఎదురుగా ఎవరున్నా సరే, వెంటనే కుర్చీలోంచి లేవండి.