అత్తయ్య బోర్డింగ్ పాసు నా దగ్గరే ఉండిపోయింది

తార్నాక,
నవంబరు 12, బుధవారం.

ప్రియమైన గ్లోరీకి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేను, పాప కెజియా, మీ అమ్మగారు ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. డబ్లిన్‌లో చలి ముదిరిందని రాశావు. ఆ ఆస్పత్రి డ్యూటీలతో నీ నడుం నొప్పి ఎలా ఉందో ఈసారైనా నిజం రాయి. ఫోన్లో అడిగితే "బానే ఉన్నా" అంటావు, నేనూ "బానే ఉన్నాం" అంటాను, ఇద్దరం పెట్టేస్తాం. అందుకే కాగితం తీశాను.

చిట్టెమ్మ చేతికిచ్చి పంపిన నీ ఉత్తరం ఆదివారం అందింది. మీ ఆస్పత్రి నర్సులందరిలోకీ ఆమె మంచిదంటావు గానీ, దిగి మూడు రోజులైనా గడప దాటలేదు. "అన్నా, నాకు తల తిరుగుతున్నది, నువ్వే ముషీరాబాద్ వచ్చి తీస్కపో" అని ఫోన్ చేసింది. వెళ్లి తెచ్చుకున్నాను. ఈ నెల రోజులుగా నా ఉద్యోగమే అది కదా, ఒకరింటి నుంచి తేవడం, ఇంకొకరింట్లో ఇవ్వడం.

ముందు నువ్వడిగిన సామాన్ల సంగతి. ఆరు పెట్టెలూ ఇల్లు చేరాయి, ఒకదాని చక్రం మాత్రం ఊడింది. నీ స్నేహితురాళ్లు వాళ్లవాళ్లకు పంపినవన్నీ ఇచ్చేశాను. మన బట్టలు తీసి వాళ్ల పార్సిళ్లు సర్దిన సంగతి గుర్తుందా? కొక్కెం తక్కెడకు పెట్టె తగిలించి, ఇరవై మూడు కిలోలు దాటితే అత్తయ్య చీర ఒకటి తీయడం, మళ్లీ తగిలించడం. తల ప్రాణం తోకకొచ్చింది. తీరా మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో సోమమ్మ గారికి కూతురు పంపిన దుప్పటి ఇస్తే, విప్పి అటూ ఇటూ తిప్పి, "గింత దూరంకెల్లి గిదా తెచ్చిన్రు? గిది మా జనరల్ బజార్ల దొరకదా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక టీ తాగి వచ్చాను.

నా ఆఫీసు సంగతీ అడిగావు. యూనివర్సిటీ క్యాంపస్‌లో మా పరీక్షల విభాగం ఎప్పటిలాగే ఉంది. సెలవు రెండోసారి పొడిగించినందుకు భూపాల్ సార్ ఇంకా ముఖం చిట్లిస్తూనే ఉన్నారు. ఈ ఉత్తరం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆఫీసులోనే కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాయలేకపోయాను. ఆదివారం నుంచి నాలుగు కాగితాలు చింపాను.

ఇక నువ్వు టైపు చేసి పంపిన ఫిర్యాదు. రెండు పేజీలూ చదివాను. మధ్యలో విమానం మారే చోట, వీల్‌చైర్ తోసే మనిషి నిర్లక్ష్యం వల్ల డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఒక రోజంతా ఎయిర్‌పోర్టులో ఒంటరిగా ఉండిపోయిందని, అతని మీద చర్య తీసుకోవాలని రాశావు. అతని పేరు రాయడానికి ఖాళీ వదిలావు. పేరు రాసి, సంతకం పెట్టి, బోర్డింగ్ పాసులు జతచేసి, శుక్రవారం బయల్దేరే లాలాపేట్ ఇన్నయ్య గారి అమ్మాయి ధరణి చేతికివ్వమన్నావు.

ధరణి చేతికి ఇస్తున్నది ఈ ఉత్తరం. ఫిర్యాదు మీద సంతకం పెట్టలేదు, పెట్టను. నువ్వూ పంపకు. ఇది పూర్తిగా చదివాక తిట్టు, మధ్యలో ఫోన్ మాత్రం చెయ్యకు.

అతని పేరు పరశురాం. జగిత్యాల వైపు మనిషి. విమానం తలుపు దగ్గరే కుర్చీతో నిలబడి, మన తెలుగు విని ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. మన టికెట్లో విమానం మారడానికి ఉన్నదే గంటా ఇరవై నిమిషాలు. డబ్లిన్‌లో ముప్పావు గంట ఆలస్యం కావడంతో మిగిలింది ముప్పై అయిదు నిమిషాలు. అతను గడియారం చూసి ఏమన్నాడో రాస్తాను, ఒక్క ముక్క మార్చకుండా.

"సార్, మీరు బిడ్డను తోల్కొని ఉరుకుండ్రి. కుర్చీ మెట్ల మీదికెల్లి రాదు, అమ్మను నేను లిఫ్ట్‌ల తెస్త. అమ్మ కాగితాలు అమ్మకిచ్చి పోండ్రి."

ఆ చివరి మాట నాకు వినపడింది, గ్లోరీ. వినపడలేదని నెల రోజులుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

డబ్లిన్‌లో నువ్వు అత్తయ్య పాస్‌పోర్టూ, రెండు బోర్డింగ్ పాసులూ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పెట్టావు. "అమ్మవి అమ్మ దగ్గరే ఉండాలి" అని నాకు రెండుసార్లు చెప్పావు. నువ్వు అటు తిరగ్గానే తీసి నా పౌచ్‌లో వేసుకున్నాను. పెద్దావిడ, ఎక్కడో పారేస్తుందని. మా నాన్న రైల్లో అందరి టికెట్లూ తన చొక్కా జేబులోనే పెట్టుకునేవాడు, ఇంటి పెద్ద అంటే అదే అనుకుని పెరిగినవాణ్ణి. ఆ పౌచ్ చొక్కా లోపల, దాని మీద స్వెటర్, దాని మీద కోటు. తీసి ఇవ్వడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం దండగనుకుని పాప చెయ్యి పట్టుకుని పరుగెత్తాను.

మేం తనిఖీ దాటి గేటు దగ్గరికి చేరేసరికి అంతా ఎక్కేశారు. గేటులోని అమ్మాయి మూడో మనిషి ఏరీ అంది. వెనక్కి తిరిగాను. హాలు ఆ చివర, మేం దాటొచ్చిన తనిఖీ అవతల, వీల్‌చైర్ ఆగి ఉంది. బోర్డింగ్ పాసు లేనిదే లోపలికి పంపం అంటున్నారు వాళ్లు. పరశురాం రెండు చేతులూ ఊపుతూ వాళ్లను బతిమాలుతున్నాడు. అత్తయ్య నన్ను చూశారు. చెయ్యెత్తారు.

ఆగమని ఎత్తిన చెయ్యి అది. నాకు అందులో సందేహమేమీ లేదు.

ఆ అమ్మాయి నాకు మర్యాదగానే చెప్పింది. రెండు నిమిషాల్లో తలుపు మూస్తారట. నేను వెనక్కి వెళ్తే ముగ్గురం ఉండిపోతాం, ఒకే టికెట్ కాబట్టి రేపటి విమానంలో చోటు, ఈ రోజుకు హోటలు వాళ్లే ఇస్తారు. ఉండిపోతే పోయేదేమీ లేదు. కానీ మర్నాడు సోమవారం. బయల్దేరే ముందు భూపాల్ సార్ ఫోన్లో అన్న మాట చెవిలో గింగురుమంటోంది. "ఎలీషా సాబ్, సోమవారం రాకుంటె మెమో వస్తది. నన్నడగొద్దు మళ్ల." నేను అత్తయ్య కాగితాలు తీసి, ఆవిడకివ్వమని ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. అప్పుడు మాత్రం పౌచ్ చటుక్కున బయటికొచ్చింది చూడు.

"డాడీ, అమ్మమ్మ పిలుస్తోంది. నీకు కనపడట్లేదా?" అంది కెజియా.

"నడువు" అన్నాను.

ఇదంతా రాశాను గానీ అసలు రాయాల్సింది ఇంకా రాయలేదు. విమానం కదిలాక పక్క సీటు ఖాళీగా ఉంది. నేను దాని వైపు కాళ్లు చాపుకున్నాను. మూడు వారాలుగా ఆవిడ మాత్రలు, బాత్రూమ్, మోకాళ్ల మందు, పెట్టెలు, కాగితాలు అన్నీ నేనే. ఒక్కసారిగా ఏమీ పట్టుకోనక్కర్లేదు. హాయిగా అనిపించింది, గ్లోరీ. నిద్ర కూడా పట్టింది. మీ అమ్మను అక్కడ వదిలేసి నేను నిద్రపోయాను. ఆవిడ సుగర్ మాత్రలు నా కాళ్ల దగ్గర సంచిలో ఉన్నాయి.

దిగాక నీకు ఫోన్ చేసి, వీల్‌చైర్ వాడు ఆలస్యం చేశాడని చెప్పాను. నోరు తెరిస్తే అదే వచ్చింది. నువ్వు నన్ను ఓదార్చావు కూడా. సోమవారం ఆఫీసుకు వెళ్తే సర్వర్ పనిచెయ్యడం లేదు. సాయంత్రం దాకా టీలు తాగి ఇళ్లకు పోయాం.

ఆ రాత్రి పాస్‌పోర్టు చేతబట్టుకుని అత్తయ్య దిగారు, నేనే ఎయిర్‌పోర్టుకు వెళ్లి తెచ్చాను. ఆవిడ పేరున ఉన్న రెండు పెట్టెలూ ఆవిడతోనే వచ్చాయి. ఆటో, బస్సూ ఒంటరిగా ఎక్కని మనిషి. హోటల్‌కు తీసుకెళ్తామంటే మాట అర్థం కాక, భయపడి, ఆ కుర్చీలోంచి లేవలేదట. పరశురాం డ్యూటీ దిగాక కూడా వచ్చి కూర్చున్నాడట. తన డబ్బాలో అన్నం సగం పెట్టి, "అమ్మా, గీడ్నే ఉండు, నేను చూస్కుంట" అని, అక్కడి డాక్టరు దగ్గరికి తోసుకెళ్లి సుగర్ చూపించి మాత్రలు ఇప్పించాడట. ఇవన్నీ ఆవిడ పాపకు చెబుతుంటే పక్క గదిలోంచి విన్నాను. నాతో మాత్రం "వచ్చేశాను కదా బాబూ, వదిలేయండి" అన్నారంతే.

తర్వాతి ఆదివారం లాలాపేట్ చర్చిలో ప్రయాణం నుంచి వచ్చినవాళ్లు సాక్ష్యం చెప్పమన్నారు. అత్తయ్య లేచారు. "నా అల్లుడు ఆగుతానంటే, నేనే చెయ్యెత్తి వెళ్లిపొమ్మన్నాను. దేవుడు నన్ను క్షేమంగా తెచ్చాడు" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. మీ అమ్మ సుగుణమ్మ గారు సండే స్కూల్లో ముప్పై ఏళ్లు పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పిన మనిషి. నేను తల ఎత్తలేకపోయాను.

వీడియోలో నువ్వు పిలవగానే పాప ఎందుకు లేచిపోతోందని అడిగావు. అమ్మకు చెప్పొద్దని నేనే అన్నాను. దానికి అబద్ధం చెప్పడం చేతకాక లేచిపోతోంది. నీ మీద అలకేమీ లేదు.

ఆదివారం "గ్లోరీ ఏం రాసింది?" అని అత్తయ్య అడిగితే నీ ఫిర్యాదు తెలుగులో చదివి వినిపించాను. విని ఇలా అన్నారు. "సంఘంలో మీ కోసం ఒక అబద్ధం ఆడాను బాబూ. నా బిడ్డ ఇంట్లో గొడవ వద్దని ఆడాను. కానీ అన్నం పెట్టిన ఆ మనిషి కూడు తీసే కాగితం మీద మీరు సంతకం పెడితే నేను ఊరుకోను. మీరే రాయండి. లేకపోతే నాకు పెన్నివ్వండి."

అందుకని రాస్తున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాను. కడుక్కోవడానికి మాత్రం ఆవిడ తొయ్యాల్సి వచ్చింది. అదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. నువ్వు నీ అమ్మను నమ్మి నా చేతిలో పెట్టావు. నన్ను క్షమించమని అడగడానికి కూడా ఇంకా ధైర్యం రాలేదు. ముందు ఆ ఫిర్యాదు చించెయ్యి. ఆ ఎయిర్‌పోర్టు వాళ్లకు రాసేదేదైనా ఉంటే పరశురాంను మెచ్చుకుంటూ రాయి, దాని మీద ముందు నేను సంతకం పెడతాను.

ఇక మే నెల టికెట్లు. ఇప్పుడు కొంటే చవకని, అదే విమానం, మధ్యలో గంటా పది నిమిషాలేనని, అమ్మను మళ్లీ తీసుకొస్తావా అని అడిగావు. నాతో పంపాలా వద్దా అన్నది ఇదంతా తెలిశాక నువ్వే చెప్పాలి. నేను అత్తయ్యను అడిగాను. ఇంకెవరైనా తోడు దొరుకుతారేమో చూడమంటారా అన్నాను.

"వద్దు, మీతోనే వస్తాను. కాకపోతే కుర్చీ వద్దు. మధ్యలో నాలుగు గంటలు ఉండే టికెట్ తీయమనండి, నడుస్తాను" అన్నారు.

మాట వరసకు అన్నారనుకున్నాను. సోమవారం తెల్లారి ఆరింటికి బూట్లేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. మూడు రోజులుగా ఇద్దరం క్యాంపస్‌లో నడుస్తున్నాం. మొదటి రోజు గేటు దాటి నూరడుగులు వేశారేమో. ఇవాళ ఆర్ట్స్ కాలేజీ కనపడేదాకా వచ్చారు, అయిదుసార్లు ఆగి ఆగి. మోకాళ్లు వాచాయి, సాయంత్రం కాపడం పెట్టాలి. తిరిగొచ్చేటప్పుడు ఒక చోట ఫుట్‌పాత్ ఎత్తుగా ఉంది. దిగలేక నిలబడిపోతే నేను చెయ్యి చాపాను.

అత్తయ్య నా చెయ్యి వంక చూశారు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"వద్దు బాబూ. అలవాటు చేసుకోనివ్వండి" అని, స్తంభం పట్టుకుని తనే దిగారు.

ఇట్లు,
నువ్వేమన్నా పడాల్సిన నీ భర్త,
ఎలీషా