నల్లదారం ఇంటి రశీదు

నగర నీటి పన్ను వసూళ్ల ముఖ్య అధికారి గారి సముఖమునకు, అదే శాఖలో నాలుగో కిటికీ నగదు గుమాస్తా వ్రాసుకొను అర్జీ.

విషయం: మూసిన నాలుగో కిటికీని తిరిగి తెరిపించమని కోరుట, అది కుదరని పక్షంలో ఒకే ఒక్క రశీదు రాయుటకు అనుమతి కోరుట.

అయ్యా,

పై విషయమునకు సంబంధించి తమరికి మనవి చేసుకొనునది ఏమనగా, నేను పందొమ్మిది సంవత్సరములుగా సదరు కిటికీ వెనుక కూర్చుని నీటి పన్ను నగదు రూపమున స్వీకరించుచున్నాను. ఇంతవరకు నాపై ఏ విధమైన ఆరోపణయు లేదు. ఒక్కసారి మాత్రం ఆడిట్ వారు నా సొరుగులో చిన్న కత్తెర ఎందుకున్నదని అడిగినారు. దాని సంగతి మూడవ అంశంలో వచ్చును.

1. ప్రజలు నిత్యజీవితంలో ఇంకా ఎంత తరచుగా నగదు చెల్లిస్తున్నారో తెలుసుకొనుటకు తమ శాఖ ఒక సర్వేదారుని నా కిటికీ పక్కన మూడు రోజులు కూర్చోబెట్టినది. ఆయన చేతిలో మీట ఉన్న చిన్న యంత్రం ఉన్నది. మనిషి రాగానే ఒకసారి నొక్కేవారు. మూడు రోజుల్లో పద్నాలుగుసార్లు నొక్కినారు. దాని ఆధారంగా నగదు కట్టేవారు దాదాపు లేరని తేల్చి, నెల రోజుల ప్రయోగం పేరిట కిటికీ మూసినారు. వచ్చే ఒకటో తేదీ నుండి శాశ్వతంగా మూయుదురట.

2. ఆ పద్నాలుగు మందిలో ఒకరు జనన ధ్రువపత్రాల విభాగం ఎక్కడని అడగడానికి వచ్చిన పెద్దమనిషి. మరొకరు నా భార్య. నేను మరిచిపోయిన భోజనం క్యారియర్ తెచ్చినది. మిగిలిన పన్నెండు మంది పన్నెండు సందుల తరఫున వచ్చినవారు. వారు చెల్లించినవి నాలుగు వందల పన్నెండు ఇళ్ల బిల్లులు. రశీదుల అడుగుకాగితాలు నా దగ్గర ఉన్నవి, చూడవచ్చును. సర్వే పత్రంలో మాత్రం 'వ్యక్తులు' అన్న గడే ఉన్నది, 'బిల్లులు' అన్న గడి లేదు.

సందుకు ఒక్కరే రావాలన్న ఏర్పాటు ఎవరిదని తమరు అడుగుదురు. నాది. ఆరేళ్ల క్రితం ఎండలో వరుస మెట్ల దాకా సాగి, ఒక గర్భిణి కళ్లు తిరిగి పడిపోయినది. ఆ రోజే నేను కిటికీలోంచి తల బయటకు పెట్టి, ఇంతమంది ఎందుకు, సందుకొకరు వస్తే చాలదా అన్నాను. అన్నమాట అన్నట్టే చేసినారు. పైగా తనిఖీ ఉన్నదని ముందే తెలిసి, విడిగా వచ్చే ముప్పై నలభై మందిని కూడా మరుసటి వారం రమ్మని నేనే పంపించివేసినాను. కిటికీ తుడిచి, బల్లకు రంగు వేయించి, సర్వేదారు గారికి రోజూ రెండుసార్లు టీ తెప్పించినాను. వరుస లేకుండా పని జరుగుట చూసి మెచ్చుకుంటారనుకున్నాను. నా కొంప నేనే ముంచుకున్నానని నాకు తెలియడానికి నెల పట్టినది.

ఈ మాట వెంటనే మా సూపరింటెండెంట్ గారికి చెప్పుకున్నాను. ఆయన మంచివారు. తలుపు దగ్గరకు వేసి, "పన్నెండు మంది నాలుగు వందల ఇళ్ల డబ్బు తెచ్చారని రాస్తే, వాళ్లు నువ్వు పెట్టుకున్న ఏజెంట్లంటారు. కిటికీతో పాటు నీ ఉద్యోగమూ పోతుంది. ఊరుకో" అన్నారు. నేను ఊరుకున్నాను. ఈ అర్జీలో అన్నిటికంటే ముందు రాయవలసిన తప్పు ఇది.

3. ఇక కత్తెర సంగతి. ఏడో సందు తరఫున వచ్చేది కుట్టుమిషను అక్క. జాకెట్లు, దిండు గలీబులు కుట్టి బతుకుతుంది. చదువు రాదు. ముప్పైనాలుగు ఇళ్ల బిల్లులు కలిసిపోకుండా, ఎవరి డబ్బు వారి బిల్లులోనే మడిచి, వదులుగా రెండు కుట్లు వేసి తెస్తుంది. ఇంటికో రంగు దారం. రంగులు చాలక కొన్ని ఇళ్లకు రెండు దారాలు పెనవేస్తుంది. పసుపుది పాలాయనది, ఎరుపూ తెలుపూ కలిసినది చెప్పులు కుట్టే ముసలాయనది, నలుపు సందు చివరి లారీ డ్రైవరుది. నేను కత్తెరతో కుట్టు విప్పి, డబ్బు తీసుకుని, రశీదును అదే దారంతో చుట్టి ఇచ్చేవాడిని. ఆరేళ్లలో ఒక్క పైసా తేడా రాలేదు.

4. కిటికీ మూసిన నెలలో కుట్టుమిషను అక్క అలవాటు ప్రకారం కట్టలు పట్టుకుని వచ్చి, మూసిన రేకు ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత ఎవరో చెబితే రీఛార్జి దుకాణానికి వెళ్లింది. ఆ దుకాణదారు బిల్లుకు ఐదు రూపాయల చొప్పున తీసుకుని, నగదు తన గల్లాలో వేసుకుని, తన ఫోనులోంచి ముప్పైనాలుగు బిల్లులు కట్టినాడు. తమరి గోడ మీది పటంలో ఏడో సందు నూటికి నూరుపాళ్లు ఫోను చెల్లింపులకు మారినదని ఆకుపచ్చ రంగు పూసినారు. ఆ సందులో ఒక్కరూ మారలేదు. దుకాణదారు గల్లాను తమరు లెక్కపెట్టలేదు.

అంతటితో పోయినా బాగుండును. దుకాణదారు నల్లదారం ఇంటి కుళాయి నంబరులో ఒక అంకె తప్పు కొట్టినాడు. ఆ డబ్బు ఎనిమిదేళ్ల క్రితం మూతపడిన సినిమా హాలు ఖాతాలో జమ అయినది. నేను కంప్యూటరులో స్వయంగా చూసినాను. ఇప్పుడు సినిమా హాలుకు ముందస్తు నిల్వ ఉన్నది. ముగ్గురు పిల్లలున్న డ్రైవరు ఇంటి కుళాయికి మాత్రం సీలు పడినది. డబ్బు ఇటు మార్చాలంటే హాలు యజమాని దరఖాస్తు పెట్టుకోవాలట. ఆయన పోయి మూడేళ్లయినది.

డ్రైవరు భార్య గొడవ చేయలేదు. పక్కింటి నుండి బిందె మోసుకుంటూ మిషను దగ్గర ఆగి, నలుగురూ వింటుండగా, "అక్కా, మరి నా డబ్బు ఎటు పోయినట్టు?" అని మాత్రం అడిగింది. ఆ ఒక్క మాటకు సందు సందంతా తలలు తిప్పి చూసింది. దుకాణదారు తన ఫోనులో ముప్పైనాలుగూ సరిగానే వెళ్లినట్టున్నాయని చెప్పి చేతులు దులుపుకున్నాడు.

కుట్టుమిషను అక్క మరునాడు నా దగ్గరకు వచ్చి ఒక్క రశీదు రాసిమ్మని అడిగింది. డబ్బు కట్టినట్టు, తాను తినలేదన్నట్టు. నేను నా జేబులోంచి ఆ బిల్లు కట్టేస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కడితే నేను తిన్నట్టే అవుతుంది, తమ్ముడూ."

రశీదు పుస్తకం నా వీపు వెనక బీరువాలోనే ఉన్నది. తాళం చెవి తమ ఉత్తర్వు ప్రకారం తమ కార్యాలయానికి అప్పగించినాను. పందొమ్మిదేళ్లలో లక్షల రశీదులు రాసిన చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయ్యా. ఆమె వెళ్లేటప్పుడు దారపు ఉండల రేకుడబ్బా నా బల్ల మీద పెట్టి, ఇక సందులో ఎవరూ తనకు డబ్బు ఇవ్వరని, కిటికీ తెరిస్తే కబురు పంపమని చెప్పింది. ఆ డబ్బా ఇప్పటికీ అక్కడే ఉన్నది.

5. ప్రస్తుతం నన్ను సహాయ కేంద్రంలో వేసినారు. ఫోను ద్వారా ఎట్లు చెల్లించవలెనో ప్రజలకు నేర్పుట నా విధి. నా ఫోనుకు మీటలు తప్ప మరేమీ లేవు. మా ఇంటి బిల్లు మా అమ్మాయి కడుతుంది. ఆమె చూపించినది ఆఫీసుకు వచ్చేలోపు మరిచిపోతున్నాను. ఎవరైనా వస్తే కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చి, వారితో పాటు నేనూ విచారిస్తున్నాను.

6. కావున తమరు దయతలచి, వ్యక్తులను కాక బిల్లులను లెక్కించి, కిటికీ తెరిపించవలెనని ప్రార్థన. సందుల ఏర్పాటు నేరమైతే అది నా ఒక్కడిదే. ఏ శిక్ష వేసినా పడతాను. ఆ పన్నెండు మందిని ఏమీ అనవద్దు.

కిటికీ సాధ్యం కాకపోతే, తాళం చెవి ఐదు నిమిషాలు ఇప్పించండి. ఒక్క రశీదు రాసి తిరిగి అప్పగిస్తాను. దాని మీద ఫలానా సొమ్ము కుట్టుమిషను అక్క చేతుల మీదుగా సక్రమంగా చెల్లించబడినదని రాసి, ముద్ర వేసి, నల్లదారం చుట్టి, సందు మధ్యలో నలుగురూ చూస్తుండగా ఇస్తాను. నాకు మరేమీ అక్కర్లేదు.

ఈ ఒక్క కాగితపు సంగతి పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నాలుగో కిటికీ గుమాస్తా
(ప్రస్తుతం సహాయ కేంద్రం)

తా.క.: ఇది తమ కార్యాలయం గుమ్మం దగ్గర నిలబడి రాస్తున్నాను. అర్జీకి పది రూపాయల రుసుమట. నోటు ఇస్తే తీసుకోలేదు. గోడకు అంటించిన గళ్ల బొమ్మకు ఫోను చూపి కట్టాలన్నారు. వెనకాల గొడుగు పట్టుకున్న ఒక అమ్మ జాలిపడి తన ఫోనుతో కట్టింది. పది నోటు ఆమె చేతిలో పెట్టాను. కనుక తమ పటంలో నేనూ ఫోనుతో కట్టినవారి కిందే ఉంటాను. రశీదు ఆమె ఫోనుకు వచ్చింది. దాని నంబరు ఈ అర్జీ పైన రాసుకుంటూండగా ఆమె బస్సు వచ్చేసింది. చివరి రెండు అంకెలు నేను ఊహించి వేసినవి. తప్పయితే, ఈ పది కూడా ఎవరి ఖాతాలో పడిందో దయచేసి చూడండి. నేను కట్టానండీ. కట్టినట్టు నా దగ్గర కాగితం లేదు.