గొడ్డలి పట్టి చూపియ్యమన్నరు

యాడీ,

తండాల నీ ఫోన్ కలుస్తలేదని కార్డు రాస్తున్న. రంది పడకు, బాపు పరిహారం కేసు మన దిక్కే అయింది.

జామాయిల్ కాంట్రాక్టర్ వకీలు, చెట్లు కొట్టంగ పోయింది ఎడమ చెయ్యే గద, కుడి చేత్తోని పని చేసుకోవచ్చని వాదించిండు. తీర్పు చెప్పే లేబర్ ఆఫీసర్ సారు మూలకున్న గొడుగు బాపుకిచ్చి, "గొడ్డలి ఎట్ల పడతవో చూపియ్యి" అన్నరు. కుడి చెయ్యి పట్టింది. తువ్వాల చుట్టిన మొండి చెయ్యి గొడుగు కొస కోసం గాలిల దేవులాడింది. గొడుగు కింద పడ్డది. వకీలు సుత తల దించిండు. చెట్లు కొట్టే పనికి ఈ మనిషి పూర్తిగ పోయినట్టేనని సారు రాయించిండ్రు.

కాంట్రాక్టర్ హైకోర్టుకు పోతడట. పోవాల్నంటే తీర్పుల చెప్పిన పైసలన్ని ముందుగాల ఇక్కడ కట్టాల్నట. గంత పెద్దోన్ని ఆపే మాట మన అసొంటోళ్ల కోసం ఎవరో ఎప్పుడో చట్టంల రాసిపెట్టిండ్రు, చూడు. పై కోర్టుల చట్టం ముచ్చటే చూస్తరు, బాపు మళ్ల చెయ్యి చూపియ్యనక్కర లేదని మన వకీలమ్మ చెప్పింది.

కాంట్రాక్టర్ మేస్త్రి రాజీ కాయితం పట్టుకొని వస్తడు. చాయ్ పొయ్యి, గానీ బాపును వేలిముద్ర వెయ్యనియ్యకు. మేక ఈనిందా? మిరపనారుకు నీళ్లు పెట్టు. హాతీరాం తాతకు నా రాంరాం చెప్పు.

బాపు వచ్చే ఐతారం ఇల్లందు బస్సుకు వస్తడు. మొండి చెయ్యి కనబడకుంట రోజూ నువ్వు చుట్టే తువ్వాలను ఆఫీసు మెట్లు దిగంగనే ఇప్పి భుజం మీద ఏసుకున్నడు. నువ్వు మళ్ల చుట్టకు.

నీ బిడ్డ
భార్గవి