రామక్క విత్తిన సాళ్లు

రొద్దం, 24-7-1958

నాయనకు నమస్కారాలు. ఇక్కడ క్షేమం.

జైలు నుంచి విడుదలై మన చేనిలో పనికి వచ్చిన పందొమ్మిదేళ్ల రామక్కను పంపేయమని రాశారు. పంపను. వేరుశెనగ విత్తేనాడు ఆమె విత్తనంతో గొర్రు వెనక నిలబడగానే ఓబుళప్ప ఎద్దులను ఆపేశాడు. “జైలు చెయ్యి పడితే మొలుస్తాదా అప్పా?” అని నన్నడిగాడు. రామక్కే జవాబిచ్చింది: “నేను యాడుండి వచ్చిండేది నేలకు చెప్పొద్దులే మామా, గొర్రు తోలు.”

ఎనిమిదో రోజుకు చేను మొలిచింది. మొలకల మధ్య ఖాళీలు పడిన సాళ్లు రెండే. ఆ రెండూ నేను విత్తినవి. ఇకమీద గొర్రు వెనకకు నన్ను రావద్దన్నాడు ఓబుళప్ప.

అమ్మ కంటి మందు అందిందా? కలుపు తీయడానికి జైలు నుంచి విడుదలైన ఇంకో ఇద్దరు ఆడపిల్లలు వస్తున్నారు. కంబళ్లు రెండు బస్సులో పంపండి. తమ్ముడికి ఆశీస్సులు. మీరు చూడటానికి వస్తే సోమందేపల్లిలో బస్సు దగ్గరికి ఎదురొచ్చేది రామక్కే.

మీ చెన్నకేశవులు