చింతామణికి పోవాల్సిన కిడ్నీ

పాతపాళ్య,
సోమవారం

చింతామణిలో అంగడి పెట్టుకోనుండే తమ్ముడు గంగాధరప్పకు అక్క రామలక్ష్మమ్మ దీవించి రాసేది ఏమంటే, మేమంతా ఈడ బాగుండాము. బాగుండామంటే నాకు మోకాలు నొప్పి, ఎర్రావు తిండి తగ్గించింది, కోడలు రంజితకు జలుబు. ఇవి పోతే బాగుండాము.

పాల డైరి కాడ ఉండే కాయిన్ ఫోనులో మాట్లాడదామంటే, నా భయాల్లో సగం చెప్పేలోపల రూపాయి అయిపోతాది. ఎనకాల పాలు పోసేవాళ్ళంతా చెవులు పెట్టుకోని ఉంటారు. అందుకే నాయన పద్యాల పుస్తకంలో నా వేలు పట్టుకోని నేర్పించిన అక్షరాలతోనే రాస్తాండాను. తప్పులుంటే నువ్వే సర్దుకో.

నీ కిడ్నీలు రెండూ పని చేయడంలేదని, వారానికి రెండుసార్లు బెంగుళూరికి పోయి రక్తం కడిగించుకుంటాండావని తెలిసినప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. నాది ఒకటి ఇస్తానంటే నువ్వేమన్నావు? ఆడబిడ్డకు పెట్టాల గానీ ఆడబిడ్డ కాడ తీసుకోకూడదు, పాపం అన్నావు. నీ పెండ్లాం తిమ్మక్క పొయ్యి ముట్టించకుండా కూర్చుంటే గానీ నన్ను పరీక్షకు పిలిపించలేదు. అట్లాంటి పెండ్లాం దొరికింది నీ అదృష్టమప్పా.

రక్తం కలిసింది గదా. ఇంకా శానా పరీక్షలుండాయంట. ముందుగా డాక్టరమ్మ ఒక తెల్ల క్యాను ఇచ్చి, ఒక పొద్దున మొదలుపెట్టి మర్సటి పొద్దున దాకా ఒంటికి పోయిన నీళ్ళు పట్టి తెమ్మనింది. ఎట్ల పట్టాల్నో నర్సు కన్నడంలో గబగబా చెప్పేసింది. నేను ఊ అన్నాను. ఊ అన్నాక మళ్ళీ అడిగితే బాగుండదు గదా.

అయినా నాకు తెలీని పనా? ఇన్నేండ్లుగా డైరికి పాలు పోస్తాండాను. మన డైరి సెక్రెటరీ మునికృష్ణప్ప పాలలో గాజు కడ్డీ ముంచి డిగ్రీ చూస్తాడు. పల్చగుంటే నలుగురి ముందర "ఏమమ్మా, కొళాయి కింద పిండినావా" అంటాడు. ఒకసారి చుక్క కలపకపోయినా నా పాలు తిప్పి పంపినాడు. ఆ అవమానం ఇంకా అరగలేదు. ఆస్పత్రిలో అట్ల కానీను. ముందు రోజు నుంచే నీళ్ళు తాగను. ఒట్టి రాగిముద్ద, సెనిక్కాయలు, నెయ్యి తింటాను. పల్చగా వచ్చింది పారబోసి, చిక్కటిది మాత్రం గుడ్డలో వడగట్టి పోస్తాను. ఇది సరేనా? నాకు దడగా ఉండాది. ఒక మాట రాయి.

ఇట్లు నీ అక్క,
రామలక్ష్మమ్మ

మరిచిపోయినాను: నేను పుట్టి కాఫీ తాగలేదు. నువ్వేమో పొద్దన్నుంచీ అదే తాగుతావు. నా కిడ్నీ దానికి ఒప్పుకుంటాదో లేదో డాక్టర్ను అడిగి రాయి.


చింతామణి,
గురువారం

అమ్మ తర్వాత అమ్మంతటి అక్కకు గంగాధరప్ప కాళ్ళకు మొక్కి రాసేది.

నీ ఉత్తరం అందింది. నీ తెలివికి ఏం చెప్పాలక్కా. నువ్వు అనుకున్నదంతా సరే. ఆస్పత్రోళ్ళు కూడా డైరోళ్ళ మాదిరే. పల్చగుంటే మొగం మీదే చెప్పేస్తారు. పల్చటివి పారబోసేది మంచి ఆలోచన. వడగట్టేటప్పుడు గుడ్డ రెండు మడతలు పెట్టు.

ఒకవేళ వాళ్ళు వద్దంటే మాత్రం మనసు కష్టం పెట్టుకోవద్దు. డాక్టర్లే వద్దన్నాక ఎవురేం చేస్తారు, తిమ్మక్క మాత్రం ఏమంటాది. ఆపరేషన్ అయితే నువ్వు నెలల తరబడి గడ్డిమోపు ఎత్తకూడదంట. ఎర్రావు నీ చెయ్యి తప్పితే ఇంకొకరిని దగ్గరికి రానీదు. ఆ మూగజీవి ఏమైపోతాదో అదీ ఆలోచించు.

నేను బాగానే ఉండాను. కాళ్ళు కొంచెం వాచినాయి, అంతే. కాఫీ సంగతి అడగను, అంతదూరం రాదులే.

నీ తమ్ముడు,
గంగాధరప్ప

ఇంకొక మాట: ఈ ఉత్తరం సంగతి తిమ్మక్కకు చెప్పొద్దు. ఆమె టౌనులో పుట్టింది, డైరి విషయాలు ఆమెకు తెలీవు.


పాతపాళ్య,
పరీక్షకు పోయొచ్చిన మర్సటి దినం

తమ్ముడు గంగాధరప్పకు అక్క ఏడుస్తా రాసేది. నేను బాగలేను. నువ్వు బాగుండాల.

క్యాను చీరకొంగులో చుట్టుకోని బాగేపల్లిలో బెంగుళూరు బస్సెక్కినాను. ఒళ్ళోనే పెట్టుకోని కూర్చున్నాను, కింద పెడితే ఎవురన్నా తంతారని భయం. చిక్కబళ్ళాపురం దాటినాక పక్కన కూర్చున్నాయన క్యాను కల్లే చూసి, "నెయ్యా అవ్వా, ఎంతకిస్తావు" అన్నాడు. అమ్మేది కాదప్పా, తమ్ముడికి పోవాల్సింది అన్నాను. "అదృష్టవంతుడు" అన్నాడు.

ఆస్పత్రిలో పరీక్ష చేసే పిల్లోడు క్యాను ఎత్తి చూసి "ఇంతేనా" అన్నాడు. ఇంతే అప్పా, అంతా చిక్కటిదే, చుక్క నీళ్ళు లేవు, వడగట్టినాను గూడా అన్నాను. వాడు నన్ను చూసినాడు, క్యాన్ను చూసినాడు, లోపలికి పోయినాడు. సాయంత్రానికి డాక్టరమ్మ పిలిచి, లెక్క సరిగా రాలేదు, ఒక దినానికి ఇంత తక్కువ వస్తే కిడ్నీ బలంగా లేదనుకోవాల్సి వస్తాది, ఇట్లయితే ఇవ్వడానికి కుదరదు అనింది. డైరిలో పాలు తిప్పి పంపిన దినం గూడా అంత సిగ్గుపడలేదప్పా. ఎర్రావుకు గూడా ఒకసారి తక్కువ వచ్చింది, మళ్ళీ ఇచ్చింది గదా, నాకూ ఇంకొక్కసారి క్యాను ఇవ్వండి అని పట్టుకున్నాను. డాక్టరమ్మ నవ్వి, సరే వచ్చే నెలలో రా అనింది.

నేను వదిలేదిలేదు. మోకాలు పోయినా సరే, ఆవు ఎండిపోయినా సరే, నా కిడ్నీ చింతామణికి చేరాల్సిందే. ఈసారి ఎట్ల చేయాల్నో రాయి. నువ్వు చెప్పినట్ల రెండు మడతల గుడ్డ పెట్టినాను గదా, యాడ తప్పింది?

ఇట్లు,
రామలక్ష్మమ్మ

మరిచిపోయినాను: ఆ గుడ్డ పారేయమంటాండాది రంజిత. కొత్త గుడ్డప్పా. ఉతికితే పోదా?


చింతామణి,
శనివారం

అక్కకు గంగాధరప్ప నమస్కారాలు.

గుడ్డ పారేయక్కా.

తప్పు నీది కాదు. వాళ్ళకు ఈసారి క్యాను నిండుగా కావాలి, అంతే. నిండకపోతే ఏం చేయాల్నో నేను చెప్పాల్నా? మన ఆవు తక్కువిచ్చిన దినం డైరికి ఎట్ల సరిచేసి పోస్తారో నీకు తెలీదా? ఇంట్లో కోడలుంది, కొడుకుండాడు. అంతకన్నా నేను రాయను, నువ్వే అర్థం చేసుకో.

అయినా ఎందుకక్కా ఈ పట్టుదల. నువ్వు మూడో తరగతిలో శాలె వదిలింది నన్ను సంకనెత్తుకోవడానికే గదా. అమ్మ కూలికి పోతే నా కోసం నీ పలక అటక మీదకెక్కింది. ఈ పొద్దు నువ్వు తప్పులుంటే సర్దుకో అని రాస్తే, ఆ తప్పులు ఎవురివల్ల వచ్చినాయో నాకు తెలుసు. నీ కాడ తీసుకున్నది చాలు. ఇప్పుడు ఒంట్లోది గూడా కోయించి తీసుకుంటే, చచ్చినాక నాయనకు మొగం ఎట్ల చూపించేది? నాయన చెయ్యి చేసుకునే మనిషి, నీకు తెలుసు గదా.

నిన్న ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు బస్సు మెట్లు ఎక్కలేకపోయినాను. ఇది నీకు రాయకూడదనుకున్నాను. రాసేసినాను.

నీ తమ్ముడు,
గంగాధరప్ప

ఇంకొక మాట: తిమ్మక్క ఈ మధ్య నన్ను చూసి ఊరికే నవ్వుతాండాది. ఇరవయ్యైదేండ్ల సంసారంలో ఇట్ల ఎప్పుడూ లేదు. నాకు భయంగా ఉండాది.


పాతపాళ్య,
శుక్రవారం

తమ్ముడు గంగాధరప్పకు అక్క రాసేది.

అంతా అయిపోయిందప్పా. క్యాను సగమే నిండింది. నువ్వు సూచన చేసినావు గదా అని, మిగతాది రంజిత చేత పోయించినాను. లెక్క బ్రహ్మాండంగా వచ్చిందంట. డాక్టరమ్మ నా మొగం చూసి, "ఏమవ్వా, నీకు అరవై దగ్గరికొచ్చినాయి, నీ కిడ్నీకి ఇరవై నాలుగేండ్లా" అనింది. నాకు అబద్ధం నోటికి రాదని నీకు తెలుసు. చెప్పేసినాను. ఆమె తలకు చెయ్యి పెట్టుకోని కూర్చునింది. ఇంక నువ్వు రావొద్దవ్వా అనింది.

ఊరికొచ్చి పడుకున్నాను. నీ మాటే గెలిచింది. ఇంక ఆ మాట ఎత్తను. నాకు ఏ భయమూ లేదు. ఆవు బాగుండాది, మోకాలు బాగుండాది.

ఒకటే ఆశ. ఏటా గౌరి పండక్కి పుట్టింటి సారె అని చీర పంపిస్తావు. ఈ ఏడు చీర వద్దు. నా నోటితో నేనే ఒకటి అడుగుతాను. ఏమని ఇప్పుడు చెప్పను, అడిగితే ఎక్కువైందంటావేమోనని. ఇస్తానని ముందే ఒక మాట రాసి పంపు. అదన్నా నా మాట చెల్లనీ.

ఇట్లు,
రామలక్ష్మమ్మ

మరిచిపోయినాను: ఆన పెట్టి రాయి. ఉత్త మాట వద్దు.


చింతామణి,
ఆదివారం

నా బంగారు అక్కకు గంగాధరప్ప సంతోషంగా రాసేది. సంతోషంగా అంటే, బాధగా.

అయ్యో అక్కా, నువ్వు చేయాల్సిందంతా చేసినావు. దైవం అనుకూలించలేదు. ఉత్తరం చదివి తిమ్మక్కకు గూడా వినిపించినాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని వంటింట్లోకి పోయింది. పాపం, ఏడుపు ఆపుకోలేకపోయినట్లుంది, భుజాలు అదురుతాండాయి.

పండగ సంగతికి ఇంత భయపడతావేం? గౌరి పండగ పూట ఆడబిడ్డ నోరు తెరిచి అడిగితే పుట్టిల్లు లేదనిందని మన వంశంలో యాడా లేదు. ఏమడుగుతావు, పట్టుచీరా? మిక్సీనా? ఇంకొక ఆవా? ఏదైనా సరే. ఎక్కువైందని అననే అనను. చిక్కబళ్ళాపురం పోయి నేనే తెచ్చిస్తాను. చచ్చిన నాయన మీద ఆన, నువ్వు అడిగింది ఇస్తాను. చాలునా?

నువ్వు సుఖంగా ఉండాల. నాకు అంతే కావాలి.

నీ తమ్ముడు,
గంగాధరప్ప

ఇంకొక మాట: మిక్సీ అయితే ఏ రంగో రాయి.


బెంగుళూరు, ఆస్పత్రి వరండా,
గౌరి పండక్కి ముందు దినం

నాయన మీద ఆన పెట్టిన తమ్ముడు గంగాధరప్పకు, ఆ నాయన పెద్దకూతురు రామలక్ష్మమ్మ రాసేది. ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. తిమ్మక్క తెచ్చి నీ చేతికే ఇస్తాది. కూర్చోని చదువు.

నాకు మిక్సీ వద్దు. నా కిడ్నీ తీసుకో. ఇదే నేనడిగేది.

లేచి అరవొద్దు, ఆయాసం వస్తాది. నువ్వు పల్చటివి పారబోయమని రాసిన ఉత్తరం పోస్టు డబ్బాలో వేయమని తిమ్మక్కకే ఇచ్చినావంట. తిమ్మక్కకు చెప్పొద్దని దాంట్లోనే రాసి, దాన్ని తిమ్మక్క చేతికే ఇచ్చే మొగోణ్ణి నేను యాడా చూడలేదు. ఆమె ఆవిరి పట్టి విప్పి చదివి, నీకు అనుమానం రాకూడదని మళ్ళీ అంటించి పంపింది. నీకు రక్తం కడిగించుకోనొచ్చి, నన్ను అడ్డుకుందామని బయల్దేరేలోపల నేను క్యానెత్తుకోని బస్సెక్కేసినాను. ఆమె వచ్చేసరికి ఇంట్లో పడుకోని ఏడుస్తాండాను. "వదినా, ఈయన నిన్ను కావాలనే తప్పిస్తాండాడు, మీ తమ్ముణ్ణి నేను చూసుకుంటాను, నువ్వు ఏమీ తెలీనట్ల ఉత్తరాలు రాస్తా ఉండు" అనింది. నీ కాళ్ళు ఎంత వాచినాయో అప్పుడే చెప్పింది. కొంచెం కాదంట.

రెండో పరీక్షకు మేమిద్దరమూ పోయినాము. నర్సు చెప్పింది మళ్ళీ చెప్పించుకున్నాను, సిగ్గు పడలేదు. మామూలుగా నీళ్ళు తాగినాను. పల్చటిదీ చిక్కటిదీ ఒక్క చుక్క పారబోయలేదు, ఇంకొకరిది కలపలేదు. రంజిత పోసిందని నీకు రాసింది అబద్ధం. నాకు అబద్ధం నోటికి రాదు, కానీ చేతికి వస్తాదని ఇప్పుడే తెలిసింది. లెక్క సరిగ్గా వచ్చింది. తర్వాత గుండె చూసినారు, కడుపులో బొమ్మ తీసినారు, నా రెండు కిడ్నీలూ టీవీలో చూపించినారు. సెనిగ్గింజల మాదిరి ముద్దుగా ఉండాయి.

నిన్న ఈ ఆపరేషన్లకు ఒప్పుదల ఇచ్చే కమిటీ వాళ్ళు పిలిచినారు. పెద్దపెద్దోళ్ళు వరసగా కూర్చోనుండారు. ఒకాయన, "అమ్మా, నిన్నెవరన్నా బలవంతం చేస్తాండారా" అన్నాడు. లేదప్పా, బలవంతం చేస్తాండేది నేనే, తీసుకునేవాడే ఒప్పుకోలేదు, దానికేమన్నా మందుందా అన్నాను. వాళ్ళు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. నిజమే గదా అడిగింది.

నువ్వు ఆన పెట్టిన ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపించినాను. ఆమె తెలుగామే. అట్ల కుదరదవ్వా, మీ తమ్ముడు తానుగా ఒప్పుకుంటేనే నేను కత్తి పట్టేది అనింది. కాబట్టి ఇప్పుడు నువ్వే చెప్పు. ఆడబిడ్డ కాడ తీసుకుంటే పాపమన్నావు. అడిగింది ఇవ్వకపోతే ఏమంటారప్పా దాన్ని? నా పలక అటక మీదకెక్కిందని రాసినావు. దింపమని నేనెప్పుడన్నా అడిగినానా? నిన్ను ఎత్తుకున్నది నాకు బరువనిపించలేదు. ఎత్తుకున్నోణ్ణి ఇప్పుడు దారిలో దింపేసి పో అంటే పోను.

నాకు శానా భయంగా ఉండాది. మత్తు సూది ఇచ్చినాక లేస్తానో లేనో, ఎర్రావు రంజితను తంతాదేమో, కడుపులో దూది మరిచిపోతారేమో, నా కిడ్నీ నీ లోపలికి పోయి ఎవురూ తెలీక బెదురుకుంటాదేమో. రాత్రంతా ఇవే. అయినా గురువారం పొద్దున ఏడు గంటలకు పేర్లు పిలుస్తారంట. ఇచ్చేవాళ్ళను ముందు లోపలికి తీసుకోనిపోతారంట. నేను పోతాండాను. నువ్వు ఎనకాలే రా.

ఇట్లు నీ అక్క,
రామలక్ష్మమ్మ

మరిచిపోయినాను: నాతో అన్ని అబద్ధాలు రాసినందుకు నిన్ను తిట్టాల్సింది శానా ఉండాది. ఇప్పుడు తిట్టను, నీకు ఒళ్ళు బాగలేదు. బాగైనాక తిడతాను. ఒక్క దినంలో అయ్యేది కాదు, ఏండ్లు పడతాది. దానికి తగినట్ల నువ్వు గట్టిగా ఉండాల.