నడుమెత్తున గడియారాలు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ తాతయ్యా కులాసా. నీ మోకాలు కూడా ఇప్పుడు నీ మాట వింటోందని తలుస్తాను. తాతయ్య దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. కానీ పోతూ పోతూ అది పెద్ద గుట్టే బయటపెట్టింది.

ఛాతీకి ఎక్స్‌రే తీసినాయన ఫిల్మును వెలుతురుకి పట్టి, "మీ తాతగారు యుద్ధంలో దెబ్బతిన్నారా?" అన్నాడు. ఎడమ భుజంలో ఏడు ఇనుప ముక్కలున్నాయి! అరవై ఏళ్ళుగా వాటిని మోస్తూనే ఈయన ఊళ్ళోవాళ్ళ గడియారాలు బాగుచేశాడు. మన కొట్లో గోడ గడియారాలన్నీ నడుమెత్తున తగిలిస్తాడని, చాదస్తమని నవ్వుకునేవాళ్ళం కదా? ఆ చెయ్యి అంతకు మించి లేవదమ్మా.

నిలదీస్తే ట్రంకుపెట్టె తెరిచాడు. పింఛనుకు పెట్టుకున్న అర్జీలు పదకొండు ఉన్నాయి. అన్నిటికీ ఒకటే జవాబు: గాయాలు లేవని మీరే సంతకం చేశారు.

"ఎందుకు చేశావు తాతయ్యా?"

"గాయమంటే ఆరు నెలలు ఆసుపత్రిలో పడుకోబెడతారు. లేదని సంతకం చేస్తే ఆ రోజే ఇంటికి బండెక్కిస్తారు. మీ అమ్మ పుట్టిందని ఉత్తరం వచ్చిందిరా. కట్టు మీద కోటు తొడుక్కుని వచ్చేశాను."

"మరి అమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అంతా తన వల్లేనని అది బాధపడదూ?"

ఆ పూటంతా ఆయన్ని చూస్తూ కూర్చుండిపోయాను. ఇంతటి మనిషితో రోజూ కాఫీలో చక్కెర గురించి గొడవపడుతున్నానా అనిపించింది.

ఈ వయసులో పింఛనెందుకని అడిగాను. "దెబ్బ తగిలిందని వాళ్ళు ఒప్పుకుంటే చాలురా" అంటాడు. ఎక్స్‌రే ఒక్కటీ చాలదట. యుద్ధం నుంచి వచ్చిన మొదటి ఏళ్ళలోనే చెయ్యి పనిచేసేది కాదని, చూసినవాళ్ళు రాసివ్వాలట. అమ్మమ్మ లేదు. నెలాఖరే గడువు.

ఇక అసలు సంగతి. నేనొక తప్పు చేశాను, తిట్టకు. నీ ఉత్తరం నా జేబులో ఉంది. 'ఆడపిల్లనని ఒక్కనాడూ నన్ను ఎత్తుకోని మనిషికి నువ్వు చాకిరీ చేస్తున్నావా?' అన్న ముక్కను పింఛను ఆఫీసు గుమస్తాకి చదివి వినిపించాను. తాతయ్య పక్కనే ఉన్నాడన్న ధ్యాసే లేకపోయింది.

"ఎత్తుకోలేదన్న మాటే సాక్ష్యం. అదే రాసి సంతకం పెట్టమనండి" అన్నాడు గుమస్తా.

తాతయ్య దారంతా నాకు ముందే నడిచాడు. ఇంటి గుమ్మంలో ఆగి, "పడేస్తానేమోనని భయపడ్డానురా" అన్నాడు.

కాగితం దీంతోపాటే పంపుతున్నాను. అందులో ఇన్నాళ్ళ నీ కోపమంతా రాయి, పరవాలేదు. తాతయ్య నిన్నొక్కటే అడగమన్నాడు: "చంటిపిల్లగా ఉన్నప్పుడు అది ఎంత బరువుండేదో, కాస్త రాయమను."

ఇట్లు,
నీ పెద్దోడు