చెవుల సర్వే

దొడ్డబళ్ళాపురం, శనివారం

ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. ఎవరు ఏది అడగడానికి వచ్చినా రోడ్డు మీది ఇళ్ళనే అడిగి పోతారు, మా మరమగ్గాల సందులోకి ఎవడూ రాడు. ఈసారి ఫోన్లు చేశారట. మగ్గాల మోతకు చెవులు పోయినవాళ్ళు ఎందరో తేల్చే సర్వే అది!

ఈరోజు వాళ్ళ ఆఫీసుకే వెళ్ళాను. అక్కడి అమ్మాయి నా చెవిలో అరిచింది.

“ఫోన్ ఎత్తినోళ్ళందరికీ బాగానే వినపడతా ఉండాది తాతా! మీ సందుకి చెవి మిషన్లు వద్దని రాసేసినాము.”

“వినపడనోడు ఫోన్ ఎట్ల ఎత్తుతాడమ్మా? చీరలు కొనే సేటు మా కట్టలో పైచీర చూసి వదుల్తాడా? నడిమధ్యది లాగి చూస్తాడు. సందులో అందరి పేర్లూ చీటీలు రాసి బిందెలో వెయ్యి, కండ్లు మూసుకొని తియ్యి. వచ్చినోళ్ళ ఇంటికి పోయి అడుగు.”

“సార్‌ని అడిగి ఫోన్ చేస్తాం లే తాతా” అని నవ్వింది.

నా సంగతి పోనీ. నలభై ఏళ్ళు నా మగ్గం పక్కనే దారం కండెలు చుట్టిన నా ఇంటిది లక్ష్మమ్మ, నేను పిలిస్తే గోడ వైపు చూస్తోంది. ఆమెకు చెవి మిషన్ కోసం ఇంకెవరిని అడగాలో తెలియడం లేదు.

బుధవారం మిషన్ల పట్టీ పైకి పంపుతారట, ఆ లోపల ఆ సార్ జవాబు కావాలి. ఎదురుగా నిలబడి చెప్పాలి. ఈ ఇంట్లో ఫోన్ మోగితే ఇద్దరికీ వినపడదు.